వైమానిక దాడులతో అడవి లొంగదు

జగదల్‌పూర్ నుంచి కుంట మీదుగా తెలుగు నేలకు వచ్చే జాతీయ రహదారిపై తోంగ్‌పాల్ ఒక చిన్న ఊరు. 2014 మార్చి 11న దాని సమీపంలో రహదారి పనులకు రక్షణగా వెళ్లిన బలగాలపై మావోయిస్టులు మాటువేసి జరిపిన దాడిలో 11 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు, నలుగురు రాష్ట్ర పోలీసులు, ఒక సాధారణ పౌరుడు ప్రాణాలు కోల్పోయారు. 2013 మే 25న కాంగ్రెస్ నాయకుల వాహనశ్రేణిపై దాడి జరిగిన జీరం లోయ కూడా ఈ దారిలోనిదే.

ఇటువంటి ఘోరాలు జరిగినప్పుడల్లా వైమానిక దళాన్ని ఎందుకు ప్రయోగించరాదన్న ప్రశ్న తలెత్తడం రివాజుగా మారింది. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్లలో 76 మంది బలైన మరునాడు నాటి కేంద్ర హోంమంత్రి చిదంబరం అవసరమైతే ఆ విషయాన్ని పునఃపరిశీలిస్తామన్నారు. వైమానిక దళాధిపతి పి.వి.నాయక్ మాత్రం సుముఖత చూపలేదు. తమ ఆయుధాలు పరిమిత నష్టానికి ఉద్దేశించినవి కావన్నది ఆయన వాదన.

ఆగ్రహం సహజమే. కానీ తోంగ్‌పాల్‌లో బాంబు ఎక్కడ వేయాలి? మాటుదాడిలో ఇరుపక్షాల నడుమ దూరం స్వల్పం. పైనున్నవారికి జవానెవరో, సాయుధుడెవరో తెలియదు. కాల్పులు ఆగాక సాయుధులు అడవిలో కలిసిపోతారు. కదలలేక మిగిలేవి గ్రామాలే.

స్వదేశంలో ఈ ప్రయోగం ఒకసారి జరగకపోలేదు. 1966 మార్చిలో ఐజ్వాల్‌పై తూఫానీ, హంటర్ విమానాలు దాడి చేశాయి. ముట్టడిలో చిక్కిన అస్సాం రైఫిల్స్ స్థావరానికి ఊరట లభించిన మాట నిజం. తిరుగుబాటు మాత్రం ఆగలేదు. శాంతి ఒప్పందం కుదిరింది 1986లో, అదీ లాల్‌డెంగాతో చర్చల బల్ల వద్దే.

బస్తర్ అనుభవమూ భిన్నం కాదు. 2025 మే 21న మావోయిస్టు ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు అబూజ్‌మడ్‌లో, నవంబరు 18న మడావి హిడ్మా మారేడుమిల్లి అడవుల్లో మరణించారు. ఎన్‌కౌంటర్లపై ఉన్న వివాదాల మాట అటుంచితే, ఆ రెండూ సమాచారం ఆధారంగా నేలమీది బలగాలు నిర్వహించిన చర్యలే. హెలికాప్టర్లు అక్కరలేదని కాదు. బలగాల తరలింపునకు, క్షతగాత్రుల ప్రాణరక్షణకు అవి అత్యవసరం.

బీజాపూర్, సుక్మా సరిహద్దు పల్లెలపై బాంబులు పడుతున్నాయని 2021 నుంచి 2023 వరకు గ్రామస్థులు పదే పదే ఆరోపించారు. పోలీసులు ఖండించారు. ఆ ఖండనలో నిజముంటే స్వతంత్ర విచారణకు ప్రభుత్వం జంకవలసిన పని లేదు.