ధైర్యం చెప్పే పెద్దలకు ఒక విన్నపం



నాకు కంపవాతం. అల్లోపతి వైద్యులు పార్కిన్సన్స్ వ్యాధి అంటారు. ముప్పయ్యేళ్ళు నల్లబల్లపై గుండ్రని అక్షరాలు వ్రాసిన చేయి ఇది. ఇప్పుడు పంక్తి చివరకు వచ్చేసరికి అక్షరాలు ఆవగింజలవుతున్నాయి. ఈ టపా ఒక్క వ్రేలితో మీటలు నొక్కుతూ మూడు రోజులు వ్రాశాను. అయినా వణుకుతో నాకు తగవు లేదు. నా తగవు వేరు.

రెండేళ్ళ క్రితం నాలో పద్యం చదవాలన్న కోరిక అణగారిపోయింది. పోతన భాగవతం ఒడిలో ఉన్నా పుట త్రిప్పబుద్ధి కాలేదు. మనుమరాలు వస్తే పలకరించాలనిపించలేదు. వైద్యునితో చెబితే, "ఇంత జబ్బుంటే దిగులుండదా మాస్టారూ!" అని వణుకు మాత్రలే మళ్ళీ వ్రాసిచ్చారు. బంధువులేమో, "పదిమందికి చెప్పినవారు, మీరే ఇలా అయితే ఎలా? గీత చదవండి" అన్నారు.

ఈ రెండు మాటలనూ నేను ఖండిస్తున్నాను.

మొదటి మాట శాస్త్రానికి నిలవదు. ఈ వ్యాధి మెదడులో డోపమైన్‌ను మాత్రమే హరించదు. మనసు కుదురుకు తోడ్పడే సెరటోనిన్, నారడ్రినలిన్‌ల వ్యవస్థలనూ దెబ్బతీస్తుంది. కొందరిలో చేయి వణకడానికి కొన్నేళ్ళ ముందే దిగులు మొదలవుతుంది. ఇంకా బయటపడని జబ్బును తలచుకొని ఎవరైనా దిగులు పడతారా? కనుక ఈ దిగులు జబ్బును చూచి పుట్టిన భయం మాత్రమే కాదు, జబ్బులోనే ఒక భాగం. రోగులలో ఇంచుమించు మూడవ వంతు మందిని ఇది పీడిస్తుంది.

గుర్తించడం కష్టమే, ఒప్పుకుంటాను. కండరాలు బిగిసి ముఖం కదలదు గనుక దిగులు లేనివాడూ దిగులుగానే కనిపిస్తాడు. ఉన్నవానిది "జబ్బు ముఖం" అనుకుంటారు. అందుకే చూచి తేల్చరాదు, అడిగి తేల్చాలి.

ఇక గీత మాట. మొదటి అధ్యాయంలో అర్జునుని ఒళ్ళు వణికింది, గాండీవం చేజారింది. కృష్ణుడు మందలించాడు. అర్జునుడు లేచాడా? యుద్ధం చేయనని చెప్పి మౌనం వహించాడు. మందలింపుతో పని జరిగేదైతే గీత రెండవ అధ్యాయం మూడవ శ్లోకంతోనే ముగిసేది!

నిరుడు మరొక వైద్యురాలు, "ఈమధ్య దేనిమీదనైనా ఇష్టం కలిగిందా?" అని అడిగారు. అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. దిగులు మందులు కొన్ని సెలిజిలిన్, రసాజిలిన్ వంటి వాటితో పొసగవట. నేను వాడే మాత్రలన్నీ పరిశీలించాకే ఒకటి వ్రాశారు. రోజూ నడవమన్నారు, మనస్తత్వ నిపుణునితో మాట్లాడించారు. రెండు నెలలు గడిచాక ఒక ఉదయం భాగవతం నేనే వెదకి తీసుకున్నాను. వణుకు అలాగే ఉంది.

పదిహేనేళ్ళ క్రితం ఇదే జబ్బుతో ఉన్న మా డ్రిల్లు మాస్టారికి నేనూ గీతే చదవమన్నాను. ఆయన తలూపి ఊరుకున్నారు. ఆ మౌనం ఇప్పుడు అర్థమవుతున్నది.

మీ ఇంట కంపవాత రోగి ఉంటే చేయి ఎలా ఉందని అడిగాక, మనసెలా ఉందనీ అడగండి. బ్రతుకు చాలనిపిస్తున్నదంటే ధైర్యం చెప్పి ఊరుకోకండి, ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకుపోండి. నాతో వాదించదలచినవారికి వ్యాఖ్యలలో స్వాగతం. జవాబు ఆలస్యమైతే మన్నించండి, ఒక్క వ్రేలే కదా.