అలంకారమునకగు విద్యుద్వ్యయము

చేతిలో నిముడు పరికరమునకు కరెంటేమి యగునని మన గృహస్థులు ఉపేక్షించుచున్నారు. ఈ యుపేక్ష సగము మాత్రమే సరియైనది. 1000 వాట్ల యంత్రము ఒక గంట నడచినచో ఒక యూనిట్టగును. 5 వాట్ల గడ్డపు ట్రిమ్మరు ఆ యూనిట్టుతో 200 గంటలు నడచును. చేతిలోనే యిముడు 1200 వాట్ల జుట్టార్చు డ్రయ్యరో, దినమునకు 10 నిమిషముల చొప్పున 30 దినములలో 6 యూనిట్లను హరించును. కత్తెరను కదల్చుటకు స్వల్పశక్తి చాలును. వేడి పుట్టించుటకే అధికశక్తి వలయును. వినియోగము హెచ్చినకొలది మన రాష్ట్రములలో యూనిట్టు ధరయు మెట్టుమెట్టుగా హెచ్చును గనుక, ఆ యారు యూనిట్లు పైమెట్టు ధరకే పడవచ్చును. ఎండయు గాలియు నుచితముగా లభించు సీమలో నిత్యమును యంత్రముతో తల యార్చుకొనుట యేల? పొదుపు కోరువారు పరికరపు పరిమాణమును గాక, దానిపై ముద్రితమైన వాట్ల సంఖ్యను చూతురు గాక!