బరువు ఎక్కడ వేయాలి?

పిల్లలూ! ఎద్దుబండిలో బస్తాలన్నీ వెనుకవైపే వేస్తే ఏమవుతుంది? బండి వెనక్కు మొగ్గుతుంది. కాడి పైకి లేచి, మెడకింది తాడు ఎద్దుల గొంతు నొక్కుతుంది. అందుకే తెలిసిన బండివాడు బరువు కాస్త ముందుకు సర్దుతాడు.

జీపు వెనుక తగిలించే రెండు చక్రాల ట్రైలరుకూ ఇదే సూత్రం. వెనుక బరువు ఎక్కువైతే అది జీపు వెనుకభాగాన్ని పైకెత్తుతుంది. జీపు చక్రాలకు నేలమీద పట్టు తగ్గుతుంది. వేగం హెచ్చితే ట్రైలరు అటూ ఇటూ ఊగి బోల్తాపడవచ్చు. కనుక నూటికి సుమారు 60 పాళ్ళ బరువు ఇరుసుకు ముందుండాలి. బరువైనవి అడుగున వేసి, తాళ్ళతో బిగించాలి.

బస్తాలమీద మాత్రం మీరెన్నడూ ఎక్కవద్దు. బస్తాలను తాళ్ళు పట్టివుంచుతాయి. మిమ్మల్ని పట్టివుంచేది ఏముంది? ఈ మాట ఇంట్లో పెద్దలకూ చెప్పండి.