పైరు ఆకు రంగును, రైతు చేతి రంగును

వరి ఆకు కొన పసుపువారిన మరునాడే మన రైతు గట్టుమీద నిలిచి నలుగురిని పిలిచి చూపును. నత్రజని చాలలేదా, జింకు లోపమా, తెగులా యని విచారించును. రెండాకులు త్రుంపి సంచిలో నిడుకొని ఎరువుల దుకాణమునకు పోవును. ఆ ఆకులను త్రుంపిన వ్రేళ్లు తెల్లబడినను నీలమైనను ఎవ్వరికిని చూపడు. ఈ విషయమును గూర్చి మా సభ్యులతో కొంత ముచ్చటింప దలచితిమి.

చేతి రంగు మారినదన్న భయము రైతు కుటుంబములలో రెండు విధముల చెరుపు చేయుచున్నది. కొందరు సిగ్గుపడి దాచుదురు. బొల్లి యనియో కుష్ఠు అనియో ఊరివారు చెప్పుకొందురని, పిల్లల పెండ్లి సంబంధములు తప్పిపోవునని వారి దిగులు. మరికొందరు రక్తము చెడినదని తమంతట తామే తీర్పు చెప్పుకొని, సంతలో రక్తశుద్ధి మందులని యమ్ము సీసాలకు ధాన్యపు సొమ్ము ధారపోయుదురు. ఇరువురును మొదట చూడవలసినదానిని చూచుట లేదు. ఆ రంగు వచ్చి పోవుచున్నదా, నిలిచియున్నదా?

నిలిచియున్న మచ్చ సంగతి వేరు. పాలవలె తెల్లనై స్పర్శ చెడని మచ్చ బొల్లి కావచ్చును. అది అంటువ్యాధి కాదు, రక్తప్రసార లోపమును కాదు. రంగు వెలిసియో ఎర్రబారియో యుండి తాకినను తెలియని మచ్చ యైనచో కుష్ఠును శంకింపవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగ లభించుచున్నది. వేళకు మొదలిడినచో వ్రేళ్లు వంకరపోకుండ కాపాడుకొనవచ్చును. ఇక దుగ్గిరాలలోను నిజామాబాదులోను పసుపు పని చేయువారి అరచేతులు పచ్చనగుట నాలుగు దినముల ముచ్చట. కన్నులు కూడ పచ్చబడినచో మాత్రము అది పసుపుకొమ్ముల పని కాదు, కామెర్లు.

మేము ముఖ్యముగ చెప్పదలచినది వచ్చి పోవు రంగును గూర్చి. ధనుర్మాసపు వేకువను దాళ్వా నాట్లకు, తెలంగాణమున యాసంగి నాట్లకు దిగు స్త్రీలలో కొందరికి, చన్నీట చేయి పెట్టిన కొలది నిమిషములలోనే ఒకటి రెండు వ్రేళ్లు కణుపువరకు గీత గీచినట్లు పాలిపోవును. తిమ్మిరెక్కును. పిదప నీలమగును. చేయి వెచ్చబడగానే ఎర్రనై చిమచిమలాడును. 1862లో పారిస్ నగరమున మారిస్ రేనో అను వైద్యుడు తన సిద్ధాంత వ్యాసమున దీనిని వర్ణించెను. నేటికిని ఆయన పేరనే వ్యవహరించుచున్నారు. చలికి చర్మములోని సన్నని రక్తనాళములు ముడుచుకొనుట ఎల్లరకును సహజమే. వీరిలో నది మితిమీరును. కాలువలో నీరున్నది, తూము మూతపడినది. రక్తము చెడుటయు లేదు, తరుగుటయు లేదు. పడుచు వయసున మొదలై రెండు చేతులకును సమముగ వచ్చి, పుండ్లు పడకున్నచో చాలవరకు అపాయము లేనిది. అట్టివారు చంకలలోనో గోరువెచ్చని నీటిలోనో చేతులు కాచుకొనవలెను గాని నెగడు దగ్గర పెట్టరాదు. తిమ్మిరెక్కిన చేతికి కాలినట్లు తెలియదు.

ఇచట నొక మాట. వైద్య గ్రంథములలోని చిత్రములు పెక్కు తెల్లజాతివారి చేతులవి. మన చేతులపై ఆ తెలుపు బూడిద రంగుగ మాత్రమే తోచును. అరచేతి వైపునను గోటి క్రిందను చూచిననే స్పష్టపడును. గోటిని నొక్కి విడిచినచో వెచ్చని చేతిలో సుమారు రెండు సెకండ్లలో రంగు తిరిగి వచ్చును. గోరింటాకు పెట్టిన గోటిపై ఈ పరీక్ష సాగదు.

నలువది యేండ్లు దాటిన పిదప క్రొత్తగ మొదలైనను, ఒక్క చేతికే వచ్చుచున్నను, వ్రేలి కొనను పుండు పడినను, చేతి చర్మము బిగిసి గట్టిపడుచున్నను వైద్యునికి చూపవలెను. రక్తపుపోటునకు వాడు కొన్ని మందుల వలనను ఇది కలుగును గాన ఆ మాత్రల చీటి వెంట తీసికొనిపోవలెను. చేయి యంతయు ఒక్కమారుగ చల్లబడి పాలిపోయి నొప్పి పెట్టి, కాచినను రంగు రానిచో తెల్లవారనిమ్మని ఆగరాదు. ఆ రాత్రియే పెద్దాసుపత్రికి పోవలెను. పెదవులును నాలుకయు కూడ నీలమైనచో అదియు నంతే; అది గుండెకో ఊపిరితిత్తులకో సంబంధించినది.

పొగాకు మాట చెప్పక తప్పదు. మన సభ్యులలో కొందరికి పొగాకు జీవనాధారమని ఎరుగుదుము. ఐనను 1908లో న్యూయార్కు వైద్యుడు లియో బర్గరు వివరించిన వ్యాధి, పొగాకు వాడు పురుషులను ముఖ్యముగ నడివయసునకు లోపలనే పట్టి, కాళ్లకును చేతులకును పోవు రక్తనాళములను పూడ్చి, వ్రేళ్లను కుళ్లజేయును. బీడీ త్రాగు మన దేశమున ఇది అరుదు కాదు. దీనికి పొగాకును పూర్తిగ మానుట తప్ప నమ్మదగిన ఉపాయము లేదు. దినమునకు రెండే యని తగ్గించుట చాలదు.

ఇక యంత్రముల సంగతి. ఇందే మా సంఘమునకు నేరుగ సంబంధమున్నది. అదరు పనిముట్లు పట్టువారి వ్రేళ్లు తెల్లబడుటను ఇటలీ గనులలో లోరిగా 1911లో తెలిపెను. అమెరికాలోని ఇండియానా సున్నపురాతి గనులలో ఆలిస్ హామిల్టను అను వైద్యురాలు 1918లో పరిశీలించెను. బ్రిటను 1985లో దీనిని పరిహారమునకు తగిన వృత్తివ్యాధిగ గుర్తించెను. గడ్డి కోయు బ్రష్ కట్టరును, పవర్ టిల్లరును అట్టి యదరు పనిముట్లే. తొలిదశలో వ్రేళ్లు తేరుకొనును; ఏండ్ల తరబడి సాగినచో తిమ్మిరి నిలిచిపోయి చొక్కా గుండీ పెట్టుకొనుటయు కష్టమగును.

ఈ యంత్రములకు సహకార సంఘములు అప్పులిచ్చుచున్నవి, కొన్నిచోట్ల అద్దెకును ఇచ్చుచున్నవి. అప్పు పత్రములో యంత్రపు వెల, వడ్డీ, వాయిదాలు, భీమా అన్నియు నుండును. దానిని పట్టుకొను చేతిని గూర్చి ఒక్క పంక్తియు నుండదు. అద్దె గంటల లెక్కన గనుక, తీసికొన్నవాడు ఆ గంటలన్నియు కూలివానిచేత విరామము లేక నడిపించును. ఇది మాకు న్యాయముగ తోచదు. యంత్రము ఇచ్చునపుడే బ్లేడు పదును, బిగింపులు, పిడి రబ్బరు చూచి యీయవలెను. ఒక్కనిచేతనే కాక ఇరువురు వంతులవారిగ నడుపవలెననియు, పిడిని అవసరమునకు మించి బిగించి పట్టరాదనియు చెప్పవలెను. చేతి తొడుగులు వెచ్చదనమునకు మేలే గాని అవి అదురును ఆపునని నమ్మి గంటలు పెంచరాదు. వంతుల మధ్య విరామమునకు అద్దె వసూలు చేయరాదని మా యభిప్రాయము. దీనివలన సంఘమునకు కొంత రాబడి తగ్గునని పాలకవర్గములో ఆక్షేపణ రావచ్చును; రానిండు, లెక్కలు చూచి మాటలాడుకొందము.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును ప్రవేశపెట్టుదుము. వ్రేళ్లు తెల్లబడుచున్న సభ్యులును, వారి యంత్రములు నడుపు కూలీలును ముందుగ కార్యదర్శిగారికి తెలుపగోరుచున్నాము. పేర్లు పుస్తకమున కెక్కించబడవు.