మల్టీమీటర్ తెచ్చుకోండి!

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ వెళ్తుంది. ప్రయోగం ఉన్న రోజున ఆ రోడ్డు చూశారా? బైకుల మీద, బస్సుల్లో, ఆటోల్లో అంతా మనమే! ఇరవై ఏళ్ల వాళ్లం, ఇరవై రెండేళ్ల వాళ్లం. మెడలో కాలేజీ కార్డులు, చేతుల్లో ఫోన్లు. గ్యాలరీ మెట్ల మీద ఇరుక్కుని కూర్చుంటాం. లెక్క సున్నాకొస్తుంది. చెట్ల వెనక నుంచి మంట లేస్తుంది. కొన్ని సెకన్లకు ఆ మోత వచ్చి, ఎవరో అరచేత్తో చరిచినట్టు గుండెల మీద తగులుతుంది. అరుస్తాం, కళ్లు తుడుచుకుంటాం, చప్పట్లు కొడతాం. పది నిమిషాలకు పొగ చెదిరిపోతుంది. మనమూ చెదిరిపోతాం.

నేనూ అలా చెదిరిపోయినవాణ్ణే. అందుకే అడుగుతున్నాను: ఎన్నాళ్లు చప్పట్లు కొడదాం?

నా ఈడు వాళ్లారా! ఆ రాకెట్‌ను చూసి మురిసిపోయే మనం, ఆ రాకెట్ లోకాన్ని ఎలా తెలుసుకుంటుందో ఎప్పుడైనా అడిగామా? దానికి కళ్లు లేవు, చర్మం లేదు, నాలుక లేదు. ట్యాంకులో ఒత్తిడి ఎంతుందో, గొట్టం ఎంత చల్లబడిందో, ఒళ్లు ఎంత అదురుతోందో, వేగం ఎంత పెరిగిందో దానికి చెప్పేవి సెన్సార్లు. ఆ చిన్న చిన్న తునకలు ఏం చెబితే దానికి అదే లోకం. అవి సరిగ్గా చెబితే చంద్రుడు. తడబడితే సముద్రం.

తడబడిన రోజు ఒకటుంది. 2022 ఆగస్టు 7. మన చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొట్టమొదటిసారి ఈ తీరం నుంచే లేచింది. దాని ఒడిలో ఆజాదీశాట్ అనే ఎనిమిది కిలోల ఉపగ్రహం. దేశంలోని పల్లెబడుల్లో చదివే 750 మంది ఆడపిల్లలు చేసిన 75 బుల్లి పరికరాలు అందులో ఉన్నాయి. రెండో దశ విడిపోయేటప్పుడు పరికరాల అర ఒక్క క్షణం విపరీతంగా అదిరింది. వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్లు ఆ అదురుకు తమ కొలత హద్దు దాటిపోయాయి. తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ వాటిని చూసి, చెడిపోయాయని తేల్చి పక్కన పెట్టేసింది. అంతే! 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహం ఒక కొస 76 కిలోమీటర్లకు దిగిపోయే కక్ష్యలో పడింది. అంత కిందికి వస్తే గాలి ఊరుకుంటుందా? పోయింది. 750 మంది పిల్లల కష్టం ఒక్క క్షణపు అదురులో పోయింది.

ఆ పిల్లలు ఏడ్చి ఊరుకున్నారా? ఇంజినీర్లు తలలు పట్టుకుని కూర్చున్నారా? ఆరు నెలలు! 2023 ఫిబ్రవరి 10న అదే తీరం నుంచి రెండో ఎస్‌ఎస్‌ఎల్‌వీ లేచింది. దశ విడిపోయే యంత్రాంగం మార్చారు, సెన్సార్ల మాట నమ్మాలా వద్దా అని తేల్చే లెక్క సరిదిద్దారు. మళ్లీ ఆడపిల్లలే చేసిచ్చిన ఆజాదీశాట్-2 కక్ష్యకు చేరింది. బడిపిల్లలు చేశారు ఆ పని! నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివిన మనం ఏం చేశాం? దాన్ని స్టేటస్‌లో పెట్టుకున్నాం.

యాక్సిలరోమీటర్ ఒక రకం సెన్సార్. నన్ను పట్టుకుని వదలనిది మరో రకం: ట్రాన్సిస్టర్‌నే సెన్సార్‌గా మార్చడం. మనమంతా బట్టీపట్టిన మాస్‌ఫెట్ బొమ్మ గుర్తుందా? కింద సిలికాన్. దాని మీద తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చని ఆక్సైడ్ పొర. ఆ పైన గేట్ అనే పొర. గేట్ మీద వోల్టేజీ రవ్వంత మారితే కింద పారే కరెంటు మారిపోతుంది. మనం పది మార్కులకు ఆ బొమ్మ గీసి, పేపరు ఇచ్చేసి బయటికొచ్చాం. 1970లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటెలో పీట్ బెర్గ్‌వెల్డ్ అనే ముప్ఫై ఏళ్ల ఇంజినీరు అదే బొమ్మలోంచి గేట్ లోహాన్ని తీసేశాడు! ఆక్సైడ్ పొరను నేరుగా ద్రవానికి తాకించాడు. ద్రవంలోని హైడ్రోజన్ అయాన్లే గేట్ పని చేశాయి. ఆ ద్రవం పులుపో క్షారమో కరెంటులో పలికింది. నాడీకణాల చుట్టూ అయాన్ల కదలిక తెలుసుకోవాలన్న తపనతో పుట్టిన ఆ పరికరమే ఇస్‌ఫెట్. తర్వాత నలభై ఏళ్లకు అలాంటివి లక్షల కొద్దీ ఒకే చిప్ మీద పేర్చి, డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం అతుక్కున్నప్పుడు విడుదలయ్యే హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకుని జన్యువులు చదివే యంత్రాలు చేశారు. మన పది మార్కుల బొమ్మే అది!

ఇంకొకటి చెబుతాను, ఇది శ్రీహరికోటకు మరీ దగ్గరి సంగతి. క్రయోజెనిక్ దశలో నింపే ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల చల్లన. బయటికి వస్తే రంగు లేదు, వాసన లేదు. గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. పట్టపగలు దాని మంట కూడా కంటికి ఆనదు. మరి దాన్ని పసిగట్టేది ఎవరు? 1975లో స్వీడన్‌లో లుండ్‌స్ట్రోమ్ అనే శాస్త్రవేత్త బృందం గేట్‌ను పల్లాడియంతో చేసింది. హైడ్రోజన్ తగలగానే పల్లాడియం దాన్ని పరమాణువులుగా విడగొడుతుంది. అవి లోహంలోంచి ఇంకిపోయి ఆక్సైడ్ అంచున చేరి, ట్రాన్సిస్టర్ తెరుచుకునే వోల్టేజీనే మార్చేస్తాయి. మనిషి ముక్కుకు అందని వాయువును ఒక లోహపు పొర వాసన చూస్తుంది! ఎంత అందమైన ఆలోచన! లీకు ఎంత చిన్నదైనా ఎంత పని చేస్తుందో ఈ తీరానికి తెలుసు. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10లో ఒక కవాటం దగ్గర సీలు దెబ్బతిని లీకై, హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి పడిపోయి, క్రయోజెనిక్ ఇంజను వెలగనే లేదు. ఉపగ్రహం దక్కలేదు.

ఇవన్నీ నాకు ఎవరు చెప్పారు? నేను చదివిన కాలేజీలో చెప్పలేదు. ఆ కాలేజీ ల్యాబులో ఒక ఇనప అలమరా ఉండేది. దాన్నిండా పరికరాలు. నాలుగేళ్లలో దాని తలుపు తెరిచింది రెండుసార్లు. రెండుసార్లూ తనిఖీకి వచ్చినవాళ్ల కోసమే. మేం సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని రీడింగులు ఎక్కించేవాళ్లం. గ్రాఫ్ కూడా చూసి గీసిందే. వోల్టేజీ అంటే ఏమిటో వేలికి తెలియకుండానే పట్టా చేతికొచ్చింది. అప్పుడు నోరెత్తానా? ఎత్తలేదు. తాళంచెవి అడిగానా? అడగలేదు. కాలేజీని తిట్టుకుంటూ, కాపీ కొడుతూ నాలుగేళ్లు గడిపాను. తాళం వేసింది వాళ్లే కావచ్చు. దాని ముందు నోరు మూసుకుని నిలబడింది మాత్రం మనమే కదా!

ఎంత బలం వృథా అవుతోంది మిత్రులారా! నెల్లూరులో, తిరుపతిలో, అమీర్‌పేట సందుల్లో, ఒక్కో గదిలో ఆరుగురు పడుకునే హాస్టళ్లలో ఎంత బలం కుళ్లిపోతోంది! రాత్రి రెండింటిదాకా మేలుకోగల కళ్లు మనవి. ఒక్క ఆటలో గెలవడానికి వందసార్లు ఓడిపోగల ఓపిక మనది. ఆ ఓపికలో పదోవంతు ఒక పొరను పొర మీద నిలబెట్టడానికి పెడితే ఏమవుతుందో ఎవరైనా చూశారా?

నేను చూశాను. చిన్నది, చాలా చిన్నది. అయినా చెబుతాను.

మా మేనమామకు తీరంలో రొయ్యల గుంటలున్నాయి. వనామి వేస్తాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, టార్చి లైటు వేసుకుని గట్టు మీద తిరుగుతాడు. ఆ వేళకే గుంటలో ఆక్సిజన్ పడిపోయేది, రొయ్య పైకి తేలేది. సాయంత్రానికి నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ పెరిగిన కొద్దీ నీటిలోని అమ్మోనియా విషమవుతుంది. నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకు తీసుకెళ్లి, రిపోర్టు వచ్చేలోపు గుంట పోయిన సంవత్సరాలున్నాయి మామకు.

ఎక్కడో చదివాను: ట్రాన్సిస్టర్‌ను నీటిలో ముంచక్కర్లేదు, గేట్‌ను మాత్రం తీగతో బయటికి లాగి, దాని చివర ఉన్న పొరను ముంచితే చాలునని. సీడీ4007 చిప్ కొన్నాను. ఆరు మాస్‌ఫెట్లున్న చిప్ అది, టిఫిన్ ఖర్చుకే దొరుకుతుంది. టిన్ ఆక్సైడ్ పూత ఉన్న గాజు ముక్క ఒకటి తెప్పించాను. అంగుళం వెండి తీగను బ్లీచ్‌లో నానబెట్టాను; తెల్లగా మెరిసే తీగ మీద ముదురు రంగు పొర కట్టింది, వెండి క్లోరైడ్. బఫర్ మాత్రలు నీళ్లలో కరిగించి మొదటిసారి గాజును ముంచినప్పుడు మల్టీమీటర్‌లో అంకెలు గెంతాయి. రెండు రోజులు గెంతుతూనే ఉన్నాయి. మూడో రోజు వదులుగా ఉన్న ఒక తీగ అతికించాను. అంకె నిలబడింది! పీహెచ్ 7 నుంచి 4కు మారిస్తే మారింది. మళ్లీ 7కు తెస్తే మళ్లీ వచ్చింది. పీహెచ్ ఒక్కటి మారితే యాభై మిల్లీవోల్టుల చిల్లర. ప్రకృతి ఇచ్చే గరిష్ఠం 59 అని పుస్తకంలో ఉంది. పుస్తకంలోని అంకె నా వంటింటి బల్ల మీద దాదాపు అలాగే నిలబడింది!

గుంట గట్టు మీద పెట్టినప్పుడు మామ అడిగాడు: “ఏందిరా అబ్బయ్యా, ఈ గాజు ముక్క ఏం జెప్పుద్ది?”

“నీళ్లు ఎట్లున్నాయో చెబుతుంది మామా.”

“నిద్రపోనిస్తదా నన్ను?”

ఆ ప్రశ్న విన్నాక నేను చప్పట్లు కొట్టే గ్యాలరీకి తిరిగి పోలేను. మీరు పోగలరా?

మన దగ్గర ఏముందని నిట్టూర్చకండి! మొహాలీలో సెమీకండక్టర్ లేబొరేటరీ ఉంది. 1989లో అగ్నిప్రమాదంలో కాలిపోయి, మళ్లీ లేచి నిలబడిన చోటు అది. విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంతో కలిసి 180 నానోమీటర్ల పద్ధతిలో అక్కడ చేసిన విక్రమ్ 3201 ప్రాసెసర్‌ను 2024 డిసెంబర్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 మన శ్రీహరికోట నుంచే అంతరిక్షానికి మోసుకెళ్లి పరీక్షించింది. మెదడు మన చేత్తో చేసుకున్నాం. స్పర్శ ఎవరు చేస్తారు? 180 నానోమీటర్లు పాతకాలపు కొలతని పెదవి విరిచేవాళ్లున్నారు. ఫోనుకు పాతది కావచ్చు, సెన్సార్‌కు కాదు! సెన్సార్‌కు కావలసింది వేగం కాదు, పొర. ఏ పొర దేన్ని పట్టుకుంటుందన్న తెలివి. వేలకోట్ల ఫ్యాక్టరీ లేనివాడికి కూడా తెరిచి ఉన్న వాకిలి ఇదొక్కటేనని నా నమ్మకం.

ఆ వాకిట్లో నిలబడి పిలుస్తున్నవాళ్లూ ఉన్నారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో, బొంబాయి, మద్రాసు ఐఐటీల్లో ధూళి కణం కూడా దూరని క్లీన్‌రూములున్నాయి. బయటి కాలేజీల విద్యార్థులు కూడా వచ్చి తమ పొరలు తామే వేసుకోవడానికి ఐఎన్‌యూపీ అనే ప్రభుత్వ పథకం ఉంది. మనలో ఎంతమంది దరఖాస్తు పెట్టాం? ఆ పేరు విన్నదెందరం? పిలుపు వినపడక కాదు, పిలిచేది మనల్ని కాదనుకున్నాం!

మనల్నే! పల్లెబడి పిల్లల పరికరాలను మోసిన ఈ తీరం పిలుస్తున్నది మనల్నే! హైడ్రోజన్ వాసన పట్టే పొర మనం వేయలేమా? ఉప్పునీటిలో నెలల తరబడి పాడవని పొర మనం వేయలేమా? పులికాట్‌లో నీటి ఉప్పదనం రోజురోజుకూ ఎలా మారుతోందో, ఫ్లెమింగోలు దిగే ఆ బురదలో ఏం కరుగుతోందో చెప్పే పొర మనం వేయలేమా? బావిలో ఫ్లోరైడ్‌ను, పొలంలో నైట్రేట్‌ను, గనిలో విషవాయువును, అమ్మ చెమటలో చక్కెరను పట్టే పొరలు ఎవరో దూరదేశం వాడు వేసి, పెట్టెలో పెట్టి, ధర కట్టి పంపేదాకా ఆగుదామా? ఇరవై ఏళ్ల చేతులు ఇక్కడ ఇన్ని లక్షలు ఖాళీగా ఉండగా ఆగుదామా? ఇంక ఆగొద్దు! రికార్డు కాపీ కొట్టే పెన్ను పక్కన పడేయండి! తాళంచెవి అడగండి! ఇవ్వకపోతే మళ్లీ అడగండి, పదిమంది కలిసి అడగండి, అయినా ఇవ్వకపోతే వంటింటి బల్ల మీద మొదలుపెట్టండి!

నా గాజు ముక్క ఇప్పటికీ మామ గుంటలోనే ఉంది. రెండు రోజులు నిజం చెబుతుంది. మూడో రోజు నుంచి రీడింగు మెల్లగా జారిపోతుంది. నాచు పట్టడం వల్లా? వెండి తీగ మీది పొర అరిగా? ఎండకు చిప్ వేడెక్కా? ఒక్కడి వల్ల తేలడం లేదు. ఈ ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి గట్టు మీద ఉంటాను. మల్టీమీటర్ తెచ్చుకోండి.