బల్ల దగ్గర ఎవరికోసం ఆగాలి?

ప్రభు సంస్కారం గురించి మన పత్రికలో సంపాదకీయమేమిటని కొందరు మిత్రులు అడుగుతారని మాకు తెలుసు. అంబేద్కర్ పేరు చెప్పుకునే పత్రికకు రొట్టె, ద్రాక్షరసం సంగతులెందుకంటారు. కోస్తా జిల్లాల్లో ఏ మాలపల్లెకైనా పోయి చూడండి, ఏ మాదిగగూడేనికైనా పోయి చూడండి. మన సభలో జెండా పట్టుకున్న మనిషే నెల మొదటి ఆదివారం బల్ల ముందు మోకాళ్లూనుతున్నాడు. అక్కడ అతనికి ఏం చెబుతున్నారో మనకు పట్టదంటే ఎట్లా?

మొన్నటి నాట్ల రోజుల్లో ఒక సంఘంలో జరిగింది చెబుతాం. బల్ల ఉన్న ఆదివారం. నాట్లప్పుడు ఆదివారమని మేస్త్రి వదలడు. ఆడవాళ్లు తెల్లారకముందే నారు పీకడానికి పోయారు. పని ముగించుకుని, కాలవలో కాళ్లు కడుక్కుని, తడి చీరలతోనే గుడికొచ్చారు. అప్పటికి బల్ల అయిపోయింది. గిన్నె మీద తెల్లగుడ్డ కప్పేశారు. అరవై దాటిన ఒక అవ్వ ముందుకెళ్లి చెయ్యి చాపింది. ఆరాధనలో లేకుండా, పాపపు ఒప్పుకోలు చెప్పకుండా పుచ్చుకుంటే అయోగ్యంగా పుచ్చుకున్నట్టేనని, శిక్ష తెచ్చుకున్నట్టేనని అయ్యగారన్నారు. "పనికి పోయొచ్చానయ్యగారూ, రొట్టె ఇంకా ఉంది గదా" అంది అవ్వ. గుళ్లో ఎవరూ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. అక్కడ మూసుకున్న నోరు ఇక్కడ తెరుస్తున్నాం.

ఆ అయ్యగారు చెడ్డవాడేం కాదు. మనవాడే, మనం వేసే కానుకల మీద బతికేవాడే. తనకు నేర్పిందే చెప్పాడు. ఆ నేర్పిన అర్థంతోనే మా పేచీ.

'అయోగ్యంగా' అనే మాట పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఉంది. ఆ మాట ఒక్కటే పట్టుకుని మన జనాన్ని వందేళ్లకు పైగా భయపెడుతున్నారు. చందా కట్టనివాడు అయోగ్యుడు, కల్లు తాగినవాడు అయోగ్యుడు, అయ్యగారికి ఎదురు చెప్పినవాడు అయోగ్యుడు. అసలు ఆ అధ్యాయం మొదట్నుంచీ చదివితే కథ వేరే. క్రీస్తు శకం 50ల నాటి కొరింథు ఓడరేవు పట్నం. గుడి అంటూ కట్టడం లేదు, ఎవరింట్లోనో కూడేవాళ్లు. సంఘంలో చేతినిండా ఉన్నవాళ్లు కొద్దిమంది, బానిసలూ లేనివాళ్లూ ఎక్కువమంది. అప్పుడు సంస్కారమంటే చిటికెడు రొట్టె కాదు, నిజం భోజనం. ఉన్నవాళ్లు తమ తిండి తెచ్చుకుని ముందే కూర్చుని తిని, తాగి, మత్తెక్కేవాళ్లు. లేనివాళ్లు ఆకలితో చూస్తుండేవాళ్లు. పౌలుకు కోపమొచ్చింది దానిమీద. లేనివాళ్లను సిగ్గుపరుస్తారా అని అడిగాడు. మీరు తినేది ప్రభువు భోజనమే కాదన్నాడు. చివరికి ఆయన చెప్పిన మందు ఏమిటి? ఒకరికోసం ఒకరు ఆగండి అని.

అంటే అయోగ్యంగా పుచ్చుకున్నది ఆలస్యంగా వచ్చిన కూలిమనిషి కాదు. ఆమె కోసం ఆగకుండా ముగించినవాళ్లు. అందులో మేమూ ఉన్నాం.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో ఆదివారం సెలవే లేదు. రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 321లో గానీ ఆ చట్టం చెయ్యలేదు. అందులోనూ పొలం పనికి మినహాయింపు పెట్టాడు. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఆ మినహాయింపే మన అవ్వకు ఇవాళ్టికీ నడుస్తోంది!

రొట్టె నిజంగా శరీరమవుతుందా, గుర్తు మాత్రమేనా అని పెద్ద పెద్ద పండితులు వాదించుకున్నారు. 1529లో మార్‌బర్గ్‌లో లూథర్, జ్వింగ్లీ కూర్చుని ఈ ఒక్క విషయం మీదే ఒప్పందానికి రాలేకపోయారు. మన తాతలకు ఆ తగాదా తెలియదు. ఏ మిషను దొర ముందొస్తే ఆ సంఘంలో చేరారు. వాళ్లకు అర్థమైంది వేరే. ఊళ్లో ఎవరూ తమ చేతిది ముట్టరు. ఇక్కడ దొర, కూలి ఒకే రొట్టె తింటున్నారు.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లు ఒంగోలు చరిత్ర చూడాలి. 1866లో మాదిగ యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు క్లౌ దొరకు చెప్పారు. దొర మాదిగలనే చేర్చుకున్నాడు. కరువు తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బియ్యం కోసం కలిశారని ఇప్పటికీ ఎద్దేవా చేస్తారు. ఆకలిగా ఉన్నవాడు అన్నం పెట్టినచోటికి పోవడం తప్పెట్లా అవుతుంది? పైగా చేరినవాళ్లకు దక్కింది బియ్యమొక్కటే కాదు. ఊరి జాతర్లకు డప్పు కొట్టమన్నందుకు, ఆదివారం పని మానినందుకు బావులు మూసేశారు, పనులు ఆపేశారు. అయినా వాళ్లు నిలబడ్డారు.

సంస్కారం లేని జాతులని మనల్ని తిట్టినవాళ్లకు ఆ మాట ఇంకో అర్థంతో మన నోట పలికేసరికి ఎట్లా ఉండి ఉంటుందో!

అయితే గుళ్లో ఒకే గిన్నె, టీ హోటల్లో రెండు గ్లాసులు. మనవాళ్లు ఈ రెంటి మధ్య నూరేళ్లు నడిచారు, గిన్నెలోది గ్లాసులోకి రాలేదు. 1985 జులైలో కారంచేడు మంచినీళ్ల చెరువు దగ్గర మురికి చెయ్యొద్దన్నందుకు కమ్మ భూస్వాములు కొట్టబోతే బిందె ఎత్తిన మాదిగ ఆడమనిషి పేరు మున్నంగి సువార్త. ఆ మర్నాడే మాదిగల మీద పడి చంపారు. సువార్త అనే పేరుకు ఆ బిందెను మించిన ప్రసంగం మేం ఏ గుళ్లోనూ వినలేదు.

ఇక మన ఇంటి సంగతి. ఒకే మిషను, ఒకే పాటల పుస్తకం, కానీ మాలపల్లెలో ఒక గుడి, మాదిగగూడెంలో ఒక గుడి. ఒకే అయ్యగారు పొద్దున ఇక్కడ, మధ్యాహ్నం అక్కడ రొట్టె విరుస్తాడు. రెడ్డి, కమ్మ క్రైస్తవులున్న ఊళ్లలో సమాధులు కూడా వేరు. కలిసి తినడం ఒక్కటే చాలదు, పిల్లనిచ్చి పుచ్చుకోవాలని అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో చెప్పాడు. మనం కలిసి తినడానికే ఇంకా రాలేదు.

ప్రభుత్వానికీ ఈ బల్ల మీద కన్నుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే కట్టిపెట్టింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. ఆంధ్రలో మతం మారినవాళ్లకు బి.సి.-సి కింద ఒక్క శాతం పడేశారు. బాప్తిస్మం పొంది గుడికి పోతూ హిందువునంటే చెల్లదని, ఎస్.సి. సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో చెప్పింది. అందుకే ఉద్యోగాలొచ్చిన మన పిల్లలు వెనక బెంచీలో కూర్చుని, గిన్నె దగ్గరకొచ్చేసరికి బయటికి జారుకుంటున్నారు. ఊళ్లోవాడు మాత్రం గుడికి పోతాడని అతన్ని అంటరానితనం నుంచి మినహాయించడు. ఆ పిల్లల్ని పిరికివాళ్లని మేం అనలేం. మాలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లకూ ఆ భయం తెలుసు.

అవ్వ సంగతి మీద ఆ సంఘపెద్దలతో మళ్లీ కూర్చున్నాం. పౌలు పత్రిక వాళ్లచేతే చదివించాం. నాట్లకూ కోతలకూ బల్ల రాత్రి ఏడింటికి పెట్టాలని, అందరూ వచ్చేదాకా గుడ్డ తియ్యకూడదని అడిగాం. ఐదుగురిలో ముగ్గురు సరేనన్నారు. పక్క గూడెం సంఘాన్ని కూడా అదే బల్లకు పిలవాలన్నప్పుడు ఇద్దరే మిగిలారు. అయ్యగారు ఇంకా ఏమీ చెప్పలేదు.