ఆ మౌనం ఎవరి ప్రయోజనం కోసం?

విదేశాంగ విధానంలో నీతికి చోటు లేదని, దేశ ప్రయోజనమే దానికి గీటురాయని వాదించేవారు మన దేశంలో చాలామందే ఉన్నారు. మయన్మార్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా వారు చెప్పేది ఒకటే: అక్కడి సైనిక పాలకులను నొప్పిస్తే చైనా లాభపడుతుంది, ఈశాన్య సరిహద్దులో అశాంతి రేగుతుంది. ఈ వాదనను మేము తేలికగా కొట్టివేయము. 1,600 కిలోమీటర్లకు పైబడిన సరిహద్దు గల పొరుగుదేశంతో మాట్లాడక తప్పదు. అయితే మాట్లాడటం వేరు, అన్యాయాన్ని చూసీ నోరు మెదపకపోవడం వేరు.

2017 ఆగస్టులో మొదలైన సైనిక దమనకాండ వల్ల ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు రఖైన్ విడిచి బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మరుసటి నెలలోనే మయన్మార్‌కు వెళ్లిన మన ప్రధాని తీవ్రవాద హింసపై ఆందోళన ప్రకటించారు. రోహింగ్యాల పేరు మాత్రం ఎత్తలేదు. 2021 ఫిబ్రవరి 1న అదే సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది. ఆ జూన్‌లో దానిని ఖండిస్తూ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 119 ఓట్లతో తీర్మానం చేసినప్పుడు భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. 1993 సంవత్సరపు నెహ్రూ పురస్కారాన్ని నిర్బంధంలో ఉన్న ఆంగ్ సాన్ సూకీకి ప్రకటించిన దేశమేనా ఇది?

పోనీ, ఈ మౌనం సంపాదించి పెట్టినదేమిటి? మన ప్రభుత్వరంగ సంస్థలకు వాటా ఉన్న రఖైన్ తీరపు సహజవాయువు గొట్టపు మార్గంలో చైనాకే పోతోంది. 2008లో ఒప్పందం కుదిరిన కాలాదాన్ రవాణా మార్గంలోని కీలక పట్టణం పలెత్వా 2024 జనవరిలో అరకాన్ ఆర్మీ వశమైంది. తన ప్రజలనే శత్రువులుగా చూసే పాలకుడు పొరుగువారికి ఇచ్చిన హామీని నిలబెట్టలేడు. నీతినీ విడిచాము, ప్రయోజనమూ దక్కలేదు.

ఇదే ప్రశ్న ముస్లిం దేశాలకూ వేస్తాము. 2022 అక్టోబరులో ఉయిగర్ ముస్లింల స్థితిపై మానవ హక్కుల మండలిలో చర్చ జరపాలన్న ప్రతిపాదన 19-17తో వీగిపోయింది. వ్యతిరేకించిన వారిలో పాకిస్తాన్, ఇండోనేషియా, ఖతర్ ఉన్నాయి. ఉమ్మత్ పేరు చెప్పుకునేవారి ప్రయోజన లెక్క కూడా ఇంతే. బాధితుడి మతాన్ని బట్టి గాని, పీడకుడి బలాన్ని బట్టి గాని మారే న్యాయం న్యాయమే కాదు.

హైదరాబాద్ బాలాపూర్‌లో తలదాచుకుంటున్న రోహింగ్యా కుటుంబాలకు ఇది దూరదేశపు చర్చ కాదు. తాము ఏ సైన్యం నుంచి ప్రాణాలు దక్కించుకున్నారో మళ్లీ దాని చేతికే అప్పగిస్తారేమోనన్న భయంతో వారు బతుకుతున్నారు. రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణరక్షణను పౌరులకే పరిమితం చేయలేదు. వారిని బలవంతంగా తిప్పిపంపబోమని ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించాలి. మా మొదటి డిమాండ్ అదే. దేశ గౌరవం కూడా దేశ ప్రయోజనంలో భాగమేనని పాలకులు ఎప్పుడు గుర్తిస్తారు?